‘అదుపులోకి తీసుకున్నారు’ అంటే అరెస్టు చేసినట్టా, కాదా?

మొన్న మన గ్రూపులో ఒక అక్క అడిగిన ప్రశ్న ఇది. ఒక కుర్రాడి అరెస్టు మీద అందరూ రెండు వర్గాలుగా వాదించుకుంటుంటే ఒక పేపరు ‘అరెస్టు’ అని, ఇంకో పేపరు ‘అదుపులోకి తీసుకున్నారు’ అని రాశాయట. రెండూ ఒకటేనా అని ఆమె అడిగారు. కామెంటులో రెండు ముక్కలు రాసి ఊరుకోబుద్ధి కాలేదు, అందుకే విడిగా రాస్తున్నాను.

నేను హనుమకొండలో కోర్టు దగ్గర డీటీపీ పని చేస్తాను. పిటిషన్లు, అఫిడవిట్లు కొట్టడమే నా పని. ‘అదుపులోకి తీసుకొని’ అన్న మాట చూడకుండానే నా వేళ్లు కొట్టేస్తాయి. ఆ మాట గురించి నన్ను ఆలోచింపజేసింది మాత్రం పరకాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ. కొడుకు బెయిలు కాగితాల కోసం వచ్చింది. వకీలు గారు చెప్పినట్టు టైపు చేసి ఆమెకు చదివి వినిపించాను. ‘అదుపులోకి తీసుకున్నారు’ దగ్గర నన్ను ఆపింది.

“అదుపేంది బిడ్డా? వాడు బువ్వ తింటుండె. కంచం ముందట్నుంచి పట్టుకపోయిండ్రు.”

మనం అదుపు అనే మాట ఎక్కడెక్కడ వాడతామో చూడండి. మంటలు అదుపులోకి వచ్చాయి. అదుపు తప్పి లారీ బోల్తా పడింది. నోరు అదుపులో పెట్టుకో. చెలరేగేదాన్ని, దారి తప్పేదాన్ని ఆపితే అది అదుపు. అన్నం తింటున్న మనిషికి ఈ మాట తగిలిస్తే, అప్పటిదాకా అతను చెలరేగిపోతున్నాడని మనమే చెప్పినట్టు అవుతుంది. నేరం రుజువు కావడం సంగతి అటుంచండి, ఇంకా కేసు కూడా మొదలు కాకముందే ఆ మాట అతని మీద ఒక మచ్చ వేసేస్తుంది. ఆ పెద్దమ్మకు చదువు రాదు. కానీ మాటలో ఉన్న ఆ తేడా ఆమెకు వెంటనే తగిలింది, నాకు ఇన్నేళ్లూ తగల్లేదు.

ఇంకో సంగతి. ఆమె చెప్పిన ప్రకారం కొడుకును తీసుకుపోయింది మంగళవారం రాత్రి ఎనిమిదింటికి. పోలీసుల కాగితంలో ఉన్నది గురువారం ఉదయం ఆరు గంటలకు, బస్టాండు దగ్గర ‘అనుమానాస్పదంగా సంచరిస్తుండగా’. నడుమ 34 గంటలు. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టయిన మనిషిని, ప్రయాణ సమయం పోను, 24 గంటల్లోపు మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఆ గడియారం ఎప్పుడు మొదలవుతుందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ‘అదుపులోకి తీసుకున్నాం, ఇంకా అరెస్టు చేయలేదు’ అనడమంటే గడియారం ఇంకా మొదలే కాలేదనడం. కానీ 1990లో బొంబాయి హైకోర్టు ఒక కస్టమ్స్ కేసులో దీన్ని తేల్చి చెప్పింది: అధికారులు ఏ పేరు పెట్టుకున్నా, మనిషి తన ఇష్టప్రకారం వెళ్లిపోలేని స్థితిలో పడ్డ క్షణమే అరెస్టు మొదలైనట్టు. కాబట్టి అక్కా, మీ ప్రశ్నకు నా జవాబు ఇదీ. వెళ్లిపోతానంటే వెళ్లనివ్వకపోతే అది అరెస్టే. పేపరులో ఏమని రాశారన్నదానితో పని లేదు.

ఇక ‘గుర్తింపు’ మాటకు, అంటే తానెవరో ఎవరు ముందు చూపించాలన్నదానికి వస్తాను, ఎందుకంటే గ్రూపులో ఆ చర్చ సగం దాని మీదే నడిచింది. “వచ్చినవాళ్లు ఎవరమ్మా?” అని అడిగితే ఆ పెద్దమ్మ, “ఎవలో తెల్వదు, ప్యాంటు షర్టుల మీద వచ్చిండ్రు. మీరెవలు సారూ అంటే, ముందుగాల వాని ఆధార్ తే అన్నరు” అంది.

ఈ మాట చెప్తూ ఆమె కొంగు ముడి విప్పి చూపించింది. అందులో నాలుగు మడతలు పెట్టిన ఆధార్ జిరాక్సు ఉంది. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. రెండు రోజులు దాన్నే పట్టుకుని ఠాణాల చుట్టూ తిరిగిందట.

ఎవరు ఎవరికి గుర్తు చూపించాలి? మన కథల్లో దీనికి ‘ఆనవాలు’ అనే చక్కటి మాట ఉంది. అశోకవనంలో సీతమ్మ హనుమంతుణ్ణి నమ్మలేదు, రావణుడే వేషం మార్చుకుని వచ్చాడేమో అనుకుంది. అప్పుడు హనుమంతుడు రాముడి ఉంగరం చూపించాడు. లంకలో బందీగా ఉన్నది ఆమె, బలం ఉన్నవాడు అతను. ఆనవాలు ముందు చూపించింది అతనే. చూడామణి ఇవ్వడం తర్వాతి సంగతి.

మన చట్టం వరస కూడా అదే. పోలీసు కస్టడీలో జరిగే హింస మీద నడిచిన డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఇచ్చిన తీర్పు ప్రకారం, అరెస్టు చేసే పోలీసులు తమ పేరు, హోదా స్పష్టంగా కనిపించే బిళ్ల పెట్టుకోవాలి. అరెస్టు మెమో రాసి, టైము, తారీఖు వేసి, ఇంటివాళ్లలో ఒకరితోనో ఊళ్లో పెద్దమనిషితోనో సంతకం పెట్టించాలి. పేరు కనిపించాలన్న నియమం, మెమో నియమం ఇప్పుడు 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 36వ సెక్షన్లో ఉన్నాయి. బండి ఆపి లైసెన్సు అడిగేటప్పుడు సైతం మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ‘యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి’ అనే అంటుంది. ఎప్పుడూ ఆధార్ జేబులో పెట్టుకుని తిరగాలని చెప్పే చట్టం మాత్రం లేదు.

ఆ చర్చలో ఒక మిత్రుడు అడిగారు, దొంగను పట్టుకునేటప్పుడు పేరు బిళ్ల పెట్టుకుని పోతారా అని. న్యాయమైన ప్రశ్నే. కాపు కాయడానికి మఫ్టీలో పోవచ్చు. కానీ భుజం మీద చెయ్యి వేసిన క్షణం నుంచి తానెవరో చెప్పాలి. లేకపోతే పోలీసులకూ, పోలీసులమని చెప్పుకుని వచ్చే దొంగలకూ తేడా ఆ ఇంటివాళ్లకు ఎలా తెలుస్తుంది? (మఫ్టీ అన్నది అరబ్బీ నుంచి వచ్చిన మాట. ముఫ్తీ అంటే ఇస్లాం ధర్మశాస్త్రం చెప్పే పండితుడు. 19వ శతాబ్దంలో బ్రిటిష్ సైన్యంలో అది మామూలు బట్టలకు పేరయి, అక్కణ్ణుంచి మన దగ్గరికి వచ్చింది.)

‘అరెస్టు’ ఇంగ్లిషు మాట కదా, తెలుగులో ‘నిర్బంధం’ అనొచ్చు కదా అని ఇంకొకరు రాశారు. నాకు ఒప్పుదల కాదు. నిర్బంధ విద్య అంటాం, నిర్బంధ తనిఖీలు అంటాం, గృహ నిర్బంధం అంటాం. ఒకటి పిల్లలను బడికి పంపమనేది, ఒకటి తెల్లవారుజామున కాలనీ చుట్టుముట్టి బండ్ల కాగితాలు చూసేది, ఇంకొకటి నాయకుణ్ణి ఇంట్లోంచి కదలనివ్వనిది. ఇన్ని అర్థాలు మోసే మాట మీద ఒక మనిషి స్వేచ్ఛ లెక్క పెట్టలేం. నిజాం కాలంలో మన దగ్గర గిరఫ్తార్ అనేవాళ్లు, ఇప్పుడు అరెస్టు అంటున్నాం. ఊళ్లో ఎవరినడిగినా అర్థమవుతుంది, అది చాలు.

అర్థం కావడం చిన్న విషయం కాదు. 1962లో హరికిషన్ కేసులో, ఇంగ్లిషు రాని మనిషికి నిర్బంధ కారణాలు ఇంగ్లిషులో ఇస్తే చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. అతను హిందీలో కావాలని అడిగినా ఇవ్వలేదు మరి. ఆ పెద్దమ్మ చేతిలో ఉన్న పోలీసు కాగితం కూడా ఇంగ్లిషుదే. ‘అనుమానాస్పదంగా’ అన్న సంగతి నేను చదివి చెప్పేదాకా ఆమెకు తెలియదు.

ఆ రోజు వకీలు గారికి ఫోన్ చేసి అడిగాను. సరే అన్నారు. పిటిషన్లో ‘అదుపులోకి తీసుకున్నారు’ కొట్టేసి, ‘మంగళవారం రాత్రి 8 గంటలకు ఇంట్లో భోజనం చేస్తుండగా పట్టుకుని తీసుకెళ్లారు’ అని టైపు చేశాను. మళ్లీ చదివి వినిపిస్తే, “ఆఁ, గట్ల రాయి” అంది.

జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు మిత్రులు మీ ఇళ్లల్లో పెద్దవాళ్లు దీనికి ఏ మాట వాడతారో రాయండి. పట్టుకపోయిండ్రు, తోల్కపోయిండ్రు, ఎత్తుకపోయిండ్రు, ఈ మూడూ నేను విన్నాను. మా వైపు ఎత్తుకపోయిండ్రు అంటే ఎక్కడికి తీసుకుపోయారో ఇంటివాళ్లకు తెలియదని అర్థం. మీ దగ్గర కూడా అంతేనా?