ఉడుకు బచ్చలి: వేడిదా, ఉడికించిందా?

(మాట్లాడేవాళ్లకు గుంటూరు, విజయవాడ పేటల పేర్లే పెట్టాం.)

బ్రాడీపేట: శ్రీనాథుడి పేర చెప్పుకునే పల్నాటి చాటువు (విడి పద్యం). చింతచిగురు (పద్యంలో తింత్రిణీ పల్లవం) వేసిన బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మింగి చూపమని కృష్ణుడికి సవాలు. మూడో పాదం పొద్దుట్నుంచీ నోట్లో ఆడుతోంది గానీ ఒక్క అక్షరం దగ్గర తడబాటు. "తింత్రిణీ / పల్లవయుక్తమౌ నుడుకు బచ్చలి శాకము జొన్నకూటితో". నుడుకునా, నుడుకనా? వేడి కూరనా, ఉడకబెట్టిన కూరనా?

సత్యనారాయణపురం: "కు"యే. "నుడికిన" అని చదివేవాళ్లూ ఉన్నారు, ఉత్పలమాలలో అక్కడ నగణం, మూడు లఘువులకే (పొట్టి అక్షరాలకే) చోటు. అర్థం వేడి అనే. పూతన చేదు తాగానని, దవాగ్ని (కార్చిచ్చు) మింగానని నిక్కే కృష్ణుడికి సవాలు కదా. చేదుకు పోటీ చింతచిగురు పులుపు, నిప్పుకు పోటీ ఉడుకు. వేడి తీసేస్తే వేళాకోళం సగం పోతుంది.

పటమట: వంట తెలిసిన కవి ఆ మాట అనడండీ. వేడిగా ఉన్నప్పుడే జొన్నకూడు గొంతు దిగేది. చల్లారితే బిగిసి గడ్డకడుతుంది. వేడిదైతే ఇక సవాలేముంది? ఇక్కడ ఉడుకు అంటే తాలింపు లేకుండా ఉత్త నీళ్లలో ఉడికించింది. చేసి చూడండి: పావుకిలో తీగబచ్చలి, లేత కాడలతో సహా. కడిగాకే తరగాలి, తరిగాక కడిగితే చేతినిండా జిగురే. అరగ్లాసు నీళ్లలో పది నిమిషాలు ఉడకనిచ్చి, కాడ వేలితో నొక్కితే మెత్తగా నలిగాక అప్పుడు చింతచిగురు. రెండు గుప్పిళ్లు, అరచేతుల మధ్య నలిపి ఈనెలు ఏరేసి. ముందే వేస్తే పులుపు తగిలి కాడ బిరుసుగా ఉండిపోతుంది. చివర్లో వేస్తే జిగురూ తగ్గుతుంది.

అరండల్‌పేట: మరి కూడు? గ్లాసు జొన్నరవ్వకు ఎన్ని నీళ్లు?

పటమట: నాలుగు. నీళ్లు తెర్లాక రవ్వ సన్నధారగా పోస్తూ కలపాలి, లేకపోతే ఉండలు. ఆ తర్వాత సన్నసెగ మీద మూతపెట్టి ఇరవై నిమిషాల పైనే.

లబ్బీపేట: రెండు అర్థాలూ పక్కన పెట్టండి. "మౌ" తర్వాత "ను" ఎక్కణ్ణుంచి వచ్చింది? ఔ అంటే అగు. అది తద్ధర్మార్థక విశేషణం, అంటే స్వభావం చెప్పే క్రియారూపం. తర్వాత అచ్చు వస్తే మధ్యలో "న్" చేరుతుంది, అదే నుగాగమం. "ఉడుకు" కూడా అదే జాతి, పారు నీరు లాగా. ఉడుకు బచ్చలి అంటే ఇంకా కుతకుతలాడుతున్న బచ్చలి! పొయ్యి మీంచి తిన్నగా నోట్లోకి. దవాగ్నికి అదీ జోడు.

సత్యనారాయణపురం: రుజువు? "ఉడుకు" తర్వాత అచ్చు ఉంటే నుగాగమం పట్టిచ్చేది. ఉన్నది "బ".

లబ్బీపేట: ఆ "బ" మీదే ఇంకోటి. "నుడుకన్" అనుకోండి. ద్రుతం (చివరి "న్") మీద పరుషం సరళమవుతుంది (ప కాస్తా బ అవుతుంది), అంటే "పచ్చలి" కాస్తా "బచ్చలి". యతికి (పాదం మొదటి అక్షరానికీ పదో అక్షరానికీ కుదరాల్సిన జతకి) ప అయినా బ అయినా ఒకటే.

సత్యనారాయణపురం: పచ్చలి అనే కూర ఏ సంతలో దొరుకుతుంది మాస్టారూ? బచ్చలి తీగ దొడ్డి గోడ మీద కనపడుతుంటే సంధి ఎందుకు?

అరండల్‌పేట: పద్యంలో కారం ఊసే లేదు, గమనించారా? గుంటూరు జిల్లా కవిత్వంలో మిరపకాయ లేకపోవడం!

బ్రాడీపేట: శ్రీనాథుడి నాటికి మిరప మన దేశానికే రాలేదు. అమెరికా పంట, పోర్చుగీసు వాళ్లతో వచ్చింది. వాళ్ల ఓడలు కోళికోడు చేరిందే 1498లో. అప్పటికి కారమంటే మిరియమే. పైగా పల్నాడు 2022 నుంచి వేరే జిల్లా, నరసరావుపేట కేంద్రంగా.

పటమట: మిరియాలూ కవి వేయలేదుగా. పులుపు, జిగురు, అంతే. అందుకే నేననేది ఉడకబెట్టిన కూర అని.

లబ్బీపేట: కుతకుతలాడేది.

బ్రాడీపేట: సరే, "కు" వరకు రాసుకున్నాను. ఇంతకీ "తింత్రిణీ పల్లవయుక్తమౌ" అనేది బచ్చలికా, శాకానికా?