లూపిన్ గింజల చేదు నీటితో పోతే, మేలు చేసేవి కూడా పోతాయా?

ప్రశ్న
మూడు రోజులుగా తెల్ల లూపిన్ అనే పప్పుజాతి గింజలను నానబెట్టి, ఉడికించి, పూటపూటకూ నీళ్లు మారుస్తున్నాను. వార్చిన నీళ్లు ఇంకా పసుపుగా, నురగతో ఉంటున్నాయి. గింజ కొరికితే చేదు నాలుకను వదలడం లేదు. కొలెస్ట్రాల్‌కూ, రక్తంలో చక్కెరకూ ఇవి మంచివని విని మొదలుపెట్టాను. ఇన్నిసార్లు వార్చాక గింజలో ఏం మిగులుతుందో తెలిసినవారు చెప్పగలరా?

మొదటి జవాబు
మీ అనుమానం సగం నిజమేనండీ. ఆ చేదుకు కారణం లూపనీన్, స్పార్టీన్ వంటి ఆల్కలాయిడ్లు, అంటే మొక్క తయారుచేసుకునే చేదు రసాయనాలు. ఉడికించినప్పుడు గింజలోని కణాల పొరలు దెబ్బతింటాయి కాబట్టి అవి నీటిలోకి దిగిపోతాయి. వాటితోపాటు ఎపిజెనిన్ జాతి ఫ్లేవనాయిడ్లలో (మొక్కలలో ఉండే ఒక రకం పదార్థాలలో) కొంత, కడుపుబ్బరం తెచ్చే స్టాకియోస్ వంటి చక్కెరలలో కొంత పోతాయి. నూనెలో కరిగేవి మాత్రం చాలావరకు గింజలోనే నిలుస్తాయి: కొలెస్ట్రాల్‌ను పోలిన మొక్కల పదార్థం బీటా సిటోస్టెరాల్, విటమిన్ ఇ లో ఒక రకమైన గామా టోకోఫెరాల్, పసుపు రంగునిచ్చే ల్యూటిన్, ఈ మొక్క పేరే పెట్టుకున్న లూపియాల్. నా దృష్టిలో వీటన్నిటికన్నా ముఖ్యమైనవి పీచూ, మాంసకృత్తులే. ఎండు గింజలో మాంసకృత్తులు 35 నుంచి 40 శాతం దాకా ఉంటాయి, పిండి (స్టార్చ్) దాదాపు ఉండదు. మనుషులపై జరిగిన పరీక్షలలో చెడు కొలెస్ట్రాల్ కొద్దిగా తగ్గినట్లు కనిపించింది ఎక్కువగా ఈ రెండింటి వల్లనే.

కాబట్టి చేదు పూర్తిగా విరిగేదాకా నీళ్లు మార్చండి. చేదు మిగిలిన గింజలు తింటే నోరు ఎండిపోతుంది, కంటిపాపలు పెద్దవై చూపు మసకబారుతుంది, గుండె దడ వస్తుంది. మందు గుణం ఉంటుందనుకొని ఆ వార్చిన నీళ్లను తాగవద్దు.

రెండవ జవాబు
చక్కెర విషయంలో ఒక మాట. గామా కాంగ్లుటిన్ అనే మాంసకృత్తి ఎలుకలలో గ్లూకోజును తగ్గించింది గానీ, దాన్ని నమ్మి మధుమేహం మందులు తగ్గించుకోకూడదు. మీ ఇంట్లో ఎవరికైనా వేరుశనగ పడకపోతే వారికి ఈ గింజలు పెట్టకండి. ఒకటి పడనివారికి రెండోది కూడా పడకపోవచ్చు. ఐరోపా సమాఖ్య 2006లోనే లూపిన్‌ను పొట్లాలపై తప్పక ప్రకటించవలసిన ఎలర్జీ పదార్థాల జాబితాలో చేర్చింది.

ప్రశ్న అడిగినవారు
మా అక్కయ్యకు వేరుశనగ పడదు. ఆమెకు వడ్డించేముందు తెలియడం ఎంతో మేలయింది.

మొదటి జవాబు ఇచ్చినవారు
ఈసారి తీపి లూపిన్ రకం తీసుకోండి. 1920లలో జర్మనీలో ఎంపిక చేసిన మొక్కలతో మొదలైన ఈ రకాలలో ఆల్కలాయిడ్లు బాగా తక్కువ. ఆస్ట్రేలియాలో వీటికి కిలోకు 200 మిల్లీగ్రాముల పరిమితి ఉంది. ఇన్ని రోజులు వార్చవలసిన పని ఉండదు. అయితే అక్కయ్యగారికి మాత్రం అవీ వద్దు. ఎలర్జీ తెచ్చే మాంసకృత్తులు తీపి రకంలోనూ ఉంటాయి.