కూపశుల్కమా, కౢప్తశుల్కమా?

రేవు గుమాస్తా:
రెండు రోజులుగా ఒక మాట గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంలో, ప్రాణం కన్నా ధనమే గొప్పదనుకుని సముద్రం మీద సాహసం చేసేవాళ్ళకి ఫలానా శుల్కం తప్ప మిగతావన్నీ వదిలేస్తున్నాం అనే వాక్యం ఉంది కదా. ఆ శుల్కానికి ముందున్న మాట ఏమిటి? పోటీ పరీక్షలకి చదివిన రోజుల్లో నోట్సులో 'కూపశుల్కం' అని రాసుకున్నాను. మొన్న ఒక మిత్రుడు 'క్లుప్తశుల్కం' అని దిద్దాడు.

ఇంకో సందేహం కూడా. ఆ శుల్కం ఎగుమతి దిగుమతుల మీద 30కి 1 అన్నారు. దేంట్లో 30కి 1? సరుకు ఓడ ఎక్కేటప్పటి విలువలోనా, దిగేటప్పటి విలువలోనా? నేను విశాఖలో కస్టమ్స్ బ్రోకర్ దగ్గర షిప్పింగ్ బిల్లులు రాసేవాణ్ణి. ఎగుమతికి ఎఫ్‌ఓబీ (ఓడెక్కించేదాకా అయిన ధర), దిగుమతికి సీఐఎఫ్ (దిగే రేవు చేరేసరికి పడిన ధర) అని పొద్దస్తమానం ఇదే గొడవ. 1244లో నాలాంటివాడు ఏ విలువ రాసుకునేవాడా అని.

శకటరేఫ:
'క్లుప్త' కాదండీ, 'కౢప్త'. క కింద ఌ. సంస్కృతంలో ఆ అచ్చు కనిపించే ధాతువు ఇదొక్కటే. దాన్ని కూడా మనవాళ్ళు లకి కొమ్మిచ్చి సాగనంపారు. అర్థం 'ఏర్పరచిన, నిర్ణయించిన' అని. తెలుగులో అది 'కుదించిన'గా ఎలా దిగజారిందో వేరే కథ. శాసనాలు అచ్చువేసే ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటంలో ఈ శాసనాన్ని ప్రకటించిన హుల్ష్ దొర చదివింది ఇదే. నిర్ణీత సుంకం. అయిపోయింది.

పాత బందరు:
ఏం అయిపోయింది? అమరకోశం వారివర్గం తీయండి. "నియామకాః పోతవాహాః కూపకో గుణవృక్షకః". కూపకం అంటే తెరచాప కొయ్య. ఓడ రేవులో నిలబడినందుకు కొయ్యకింత అని కట్టేది కూపశుల్కం. రేవు శాసనంలో ఓడ మాట ఉంటే తప్పా?

శకటరేఫ:
కొయ్యకింత అంటే ఓడను బట్టి పన్ను. 30కి 1 అంటే సరుకును బట్టి పన్ను. రెండూ ఒకటే ఎలా అవుతాయి మాస్టారూ? పోనీ 'కౢ'ని 'కూ'గా పొరపాటు పడ్డారనుకుందాం. మరి 'ప్త'లో త ఒత్తు ఎవరు మింగారు?

చీరాల చిన్నోడు:
మాది మోటుపల్లికి దగ్గరే. కూపం అంటే నుయ్యి అనే తెలుగువాడెవడైనా ముందు అనుకుంటాడు. ఓడలు మంచినీళ్ళు నింపుకునేవి, ఆ నీళ్ళ మీద పన్ను. పదేళ్ళుగా చెప్తున్నా, ఎవరూ వినట్లేదు.

నిగమశర్మ అక్క:
వినకపోవడమే మంచిది తమ్ముడూ.

గుమాస్తా గారూ, మీ రెండో ప్రశ్న అసలైనది, దాన్నే వీళ్ళు తొక్కేస్తున్నారు. శాసనంలోనే సరుకుల పట్టీ ఉంది, చూశారా? శ్రీగంధానికి తూకం లెక్క, తులకి ఒక గద్యాణం, పావు పణం (రెండూ ఆనాటి నాణేలే). దేశి కర్పూరం, చీని కర్పూరం, ముత్యాలు అయితే విలువ లెక్క, గద్యాణం చేసే సరుకుకి ఇంతని. పోకలకి కాయల లెక్క, లక్షకి ఒక గద్యాణం, మూడుంబావు పణం. పట్టుకి 'స్వరూపం' అని ఇంకేదో కొలత. 30కి 1 అనేది సూత్రం, ఈ పట్టీ దాని ఆచరణ అని నా ఊహ. తూచి, లెక్కబెట్టి వసూలు చేసేదానికి 'ఎక్కడి విలువ' అనే పేచీ రాదు. ముత్యాల దగ్గరే వస్తుంది.

రేవు గుమాస్తా:
అక్కా, మీరు చెప్పింది మా ఆఫీసే! ఇప్పటికీ ఎక్కువ సరుకులకి విలువ మీద శాతమే, బాదంపప్పుకి మాత్రం కిలోకింత. మీ పోకలనే తీసుకోండి. 2023లో వక్కకి కనీస దిగుమతి ధర కిలో 351 రూపాయలు చేశారు. అది సీఐఎఫ్ ధర, అంటే ఓడ కిరాయి, బీమా కలుపుకుని మన రేవు చేరేసరికి పడిన ధర. అదే వక్కని అవతలి దేశం తన ఎగుమతుల్లో ఎఫ్‌ఓబీగా రాసుకుంటుంది, వాళ్ళ ఓడెక్కించేదాకా అయిన ధర. అందుకే వాళ్ళ అంకె, మన అంకె ఎప్పుడూ కలవవు. చూసినవాళ్ళు ఎవరో దొంగలెక్క రాశారనుకుంటారు. కొన్నిసార్లు నిజంగానే రాస్తారనుకోండి, అది వేరు.

అరసున్న:
పోకలు అన్నాక పెద్దనని తలుచుకోకపోతే పాపం. "నిరుపహతి స్థలంబు రమణీప్రియదూతిక తెచ్చి యిచ్చు కప్పుర విడె"... దీన్ని మీ హెచ్‌ఎస్ కోడ్‌లలో, అదే సరుకుసరుకుకీ సుంకంవాళ్ళు ఇచ్చే అంకెల్లో, ఎక్కడ పెడతారు గుమాస్తా గారూ?

రేవు గుమాస్తా:
విడివిడిగా వస్తే తమలపాకు 1404, వక్క 0802, సున్నం 2522, కర్పూరం 2914. చిలక చుట్టాక వీటిలో ఏదీ కాదు, 2106కి పోతుందని నా అంచనా. నవ్వకండి. వక్కని ఉడకబెడితే 8వ అధ్యాయంలోనే (కోడ్‌లో మొదటి 2 అంకెలే అధ్యాయం) ఉంటుందా, 21కి మారుతుందా అని ట్రిబ్యునళ్ళ దాకా పోయిన కేసులున్నాయి. ఈ కోడ్‌లు 1988లో అమల్లోకి వచ్చాయి. మొదటి 6 అంకెలు అన్ని దేశాలకీ ఒకటే, ఆపైన 2 మనం తగిలించుకున్నవి.

పాత బందరు:
విడెంలోకి హారతి కర్పూరమా! పెద్దన వింటే లేచి వెళ్ళిపోతాడు. అందులో వేసేది పచ్చకర్పూరం. సుమత్రా బరూస్ వైపు నుంచి వచ్చిన పాతకాలపు సరుకు రసాయనంగా బోర్నియాల్, అంటే ఆల్కహాల్ జాతి. మీ 2914 దానికి చెల్లదు, 2906కి పోవాలి. శాసనం రాయించినవాళ్ళకి రెండు కర్పూరాల తేడా తెలుసు కాబట్టే 'చీని' అని విడిగా చెప్పారు. అంత తెలిసినవాళ్ళకి ఓడకొయ్య తెలియదా?

శకటరేఫ:
కర్పూరం మీదుగా మళ్ళీ కొయ్య ఎక్కారు.

నిగమశర్మ అక్క:
విడెం సంగతి సరే, ప్రియదూతిక తెచ్చి ఇవ్వడం సరుకా, సేవా? ఆవిడ కూలి విడెం ధరలోనే కలిస్తే సరుకు. విడిగా బిల్లు పెడితే సేవ.

వలస పక్షి:
డాలస్ నుంచి. అక్క సరదాకి అన్నారు గానీ, మా కంపెనీ లెక్కల్లో నేను రోజూ కొట్టుకునేది దీనితోనే. సేవల వ్యాపారానికి 4 దారులు రాసుకున్నారు, గాట్స్ అని 1995 నుంచి అమల్లో ఉన్న ఒప్పందం. గచ్చిబౌలిలో మా తమ్ముడు కోడ్ రాసి ఇక్కడికి పంపితే 1వది. ఇక్కడి పక్కింటాయన మోకాలి ఆపరేషన్‌కి హైదరాబాద్ వెళ్తే 2వది. ఆయన అక్కడికి వెళ్ళాడు, ఎగుమతి మాత్రం ఇండియాది. విచిత్రంగా లేదూ? హైదరాబాద్ కంపెనీ ఇక్కడ శాఖ తెరిస్తే 3వది, అక్కడి మనిషిని కొన్నాళ్ళకి ఇక్కడ పనికి పంపితే 4వది. వీటికి రేవూ లేదు, షిప్పింగ్ బిల్లూ లేదు. బ్యాంకుల్లోకి వచ్చే డబ్బునీ, కంపెనీల్ని అడిగి తెలుసుకున్నదాన్నీ పట్టుకుని రిజర్వు బ్యాంకు లెక్క కడుతుంది.

నేను అమ్మకి నెలనెలా పంపేది మాత్రం ఇందులో ఎక్కడా రాదు. అది 'బదిలీ' పద్దు, బదులుగా ఏమీ రాకుండా ఇచ్చే డబ్బు అని. అమ్మకి చెప్తే నొచ్చుకుంది. "నిన్ను పెంచింది లెక్కలోకి రాదా" అంది.

ఒక్క మాట. 'సేవల ఎగుమతి' అంటే నాకు ఇప్పటికీ ఆర్జిత సేవల్ని ఓడ ఎక్కిస్తున్నట్టే వినిపిస్తుంది. ఇంకో తెలుగు మాట ఉందా?

అరసున్న:
'ఊడిగం' ఉంది. 'ఊడిగాల ఎగుమతి' అని పత్రికలో వేస్తే సాఫ్ట్‌వేర్ వాళ్ళు కొట్టడానికి వస్తారు.

చీరాల చిన్నోడు:
నిజం చెప్పుకోవాలంటే ఆ మాటే సరిపోతుంది.

ఆర్జిత సేవ అన్నారు కాబట్టి, తిరుమల తలనీలాలు? గుండు చేయించుకోవడం మొక్కు. వేలంలో అమ్మాక సరుకు.

రేవు గుమాస్తా:
ముడి జుట్టు 0501, చిక్కుతీసి దువ్వి వరస పెడితే 6703, విగ్గు చేస్తే 6704. 2022లో ముడి జుట్టు ఎగుమతి మీద ఆంక్షలు వచ్చాక ఈ మొదటి రెంటి మధ్య గీత ఎక్కడన్నదే మాకు పెద్ద టెన్షన్. ఎంత దువ్వితే 67వ అధ్యాయం?

పాత బందరు:
ఎంత ఉడికితే 21, ఎంత దువ్వితే 67. ఇది వ్యాకరణం కన్నా కష్టంగా ఉందయ్యా.

అరసున్న:
సరుకులన్నీ అయ్యాయి, శ్రీనాథుడు రాలేదు! హరవిలాసం అవతారికలో అవచి వారి వర్తకం మరిచిపోయారా? "హురుమంజి బలుతేజి హరుల దెచ్చి". చీనాంబరాలు, సింహళపు ఏనుగులు, పాదానికో దేశం, దేశానికో సరుకు. నాకు తెలిసి తెలుగులో మొదటి దిగుమతుల పట్టిక ఇదే. కొండవీటిలో కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలకి ఘుమఘుమలన్నీ అందించినవాళ్ళు వీళ్ళే.

నిగమశర్మ అక్క:
మొదటిది ఎలా అవుతుంది? మోటుపల్లి శాసనం నూరేళ్ళ పైనే ముందు. అదీగాక శ్రీనాథుడు కొలత చెప్పడు, సుంకం చెప్పడు, ఊరు మాత్రమే చెప్తాడు.

రేవు గుమాస్తా:
ఆ ఊరే మా ఫారంలో పెద్ద గడి అక్కా! హురుమంజి అంటే హొర్ముజ్. తాగడానికి నీళ్ళే సరిగా లేని ఉప్పు దీవి, గుర్రాలు అక్కడ పుట్టవు. పారశీకం, అరేబియా నుంచి వచ్చి అక్కడ ఓడెక్కేవి. అంటే కవిగారు రాసింది సరుకు పుట్టిన దేశం కాదు, పంపిన రేవు. మా దగ్గర ఈ రెంటికీ వేర్వేరు గడులు. మన బంగారం దిగుమతుల్లో పెద్ద వాటా స్విట్జర్లాండ్ పేరు మీద ఉంటుంది. బంగారు గనులకి పేరుపడిన దేశమా అది? శుద్ధి చేసే కొలుములు అక్కడున్నాయి, పేరు వాళ్ళది పడుతుంది.

అరసున్న:
గుర్రాల జాతిపేరు అడిగి కవిత్వాన్ని చంపకండి. అదే అవతారికలో "శరధిం గప్పలి జోంగు వల్లి వలికా సమ్మన్ల" అని ఓడల పేర్లున్నాయి. కప్పలి తమిళ కప్పల్, జోంగు మలయా ఓడ. సమ్మన్ సంపాన్ అంటారు. 'వల్లి', 'వలికా' ఏమిటో ఎవరైనా చెప్పండి.

శకటరేఫ:
రెండా, లేక 'వల్లివలికా' అని ఒకటేనా? ముందు అది తేల్చండి.

పాత బందరు:
రెండే. ఒకటని చెప్పేవాళ్ళు ఓడ ఎక్కి ఉండరు.

శకటరేఫ:
మీరు ఎక్కారా, జోంగు?

వలస పక్షి:
అడ్డొస్తున్నందుకు క్షమించండి. శ్రీనాథుడి కాలానికి మిరపకాయ లేదు కదా, అమెరికా ఖండం నుంచి ఆ తర్వాత పోర్చుగీసుల వెంట వచ్చింది. మరి గుంటూరు మిర్చికి కోడ్ ఎంత?

రేవు గుమాస్తా:
0904. మిరియాలూ అందులోనే, ముందు మిరియం, దాని వెనక మిరప.

శకటరేఫ:
చూశారా! మిరియం నుంచే మిరప అని నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నా. సుంకంవాళ్ళకి ఉన్న వ్యుత్పత్తి జ్ఞానం మన గ్రూపులో లేదు. అన్నట్టు 'సుంకం' కూడా శుల్కం ప్రాకృతం మీదుగా వచ్చిందే.

నిగమశర్మ అక్క:
ఇప్పుడు చీరాల తమ్ముడు ఆదివారం మోటుపల్లి వీరభద్రాలయం దాకా వెళ్ళి ఆ స్తంభం మీద అక్షరాన్ని దగ్గరగా ఫొటో తీసుకురావాలి. పక్క నుంచి టార్చి పట్టి తీయి, గీత తేలుతుంది.

చీరాల చిన్నోడు:
వెళ్తాను. నుయ్యి ఉందేమో కూడా చూసొస్తాను.

రేవు గుమాస్తా:
సాయంత్రం 6లోపు నా రొయ్యల కంటైనరు కాగితాలు పెట్టాలి, 0306. ఎఫ్‌ఓబీ విలువే. దేంట్లో 30కి 1 అన్నది మాత్రం అలాగే మిగిలింది.

పాత బందరు:
కొయ్యలో.

శకటరేఫ:
మాస్టారితో తర్వాత తేల్చుకుంటాను. ముందు ఒకటి చెప్పండి, ఈ కౢ ఫోనులో ఎలా కొడతారు? కంప్యూటరు ముందు కూర్చుంటేనే వస్తోంది. ఫోనులో నాకు క ఒకచోట, ళ ఒకచోట పడుతున్నాయి.