రోమన్ రోడ్డు గైడెడ్ టూర్‌కు అమ్మను తీసుకుపోవచ్చా?

మాది మిర్యాలగూడ, ఉద్యోగం ఇటలీలోని టురిన్‌లో. వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు. డొన్నాస్ దగ్గర కొండను తొలిచి వేసిన రోమన్ రోడ్డుకు ఒకరోజు ట్రిప్ ఉంది. నాన్న రిటైర్డ్ సోషల్ సారు, ఎగిరి గంతేస్తారు. అమ్మకే మోకాళ్ల నొప్పులు. అదే టెన్షన్.

దేవరకొండ అన్న:
భయపడకు తమ్మీ, మేం మా అత్తమ్మతోనే పోయొచ్చినం. బండను తొలిచిన ముక్క 221 మీటర్లే. ఒక పక్క నిలువునా చెక్కిన కొండ, అదే రాయిలో వదిలిన కమాను. దాని పక్కనే మైలురాయి, అదీ ఆ బండలోనే చెక్కిందే: అవోస్తా పట్టణం నుంచి 36 రోమన్ మైళ్లు. కింద బండి చక్రాల గాళ్లు ఎంత లోతున్నాయంటే అత్తమ్మ చెయ్యి పెట్టి చూసింది. అమ్మ ఆ గాళ్లలో అడుగు వేయకుండా చూసుకో, వాన పడితే జారుతుంది. చెప్పులొద్దు, బూట్లు వేయించు.

పాలమూరు చెల్లె:
అన్నా, టూర్‌లో బార్డ్ కోట ఉందా? అక్కడ పైకి లిఫ్టులున్నాయి, అమ్మకు ఇబ్బంది లేదు. డొన్నాస్ నుంచి అక్కడిదాకా నడిపిస్తామంటే మాత్రం వెహికల్ అడుగు.

నల్గొండ బాబాయి:
మీ నాన్నకు చెప్పు, ఆ రోడ్డు రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలంది. మన అక్కెనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో ఆయనవీ ఉన్నాయి. ఇక గైడ్‌ను వదలడు!

మిర్యాలగూడ:
అయితే గైడ్ ఇంగ్లీషులో చెప్తాడో లేదో కనుక్కుని బుక్ చేస్తా బాబాయ్.