ఇంటర్ ఎంఈసీ తర్వాత అమెరికా కమ్యూనిటీ కాలేజీలో బిజినెస్ చదవడం సరైన దారేనా?

ప్రశ్న (మలక్‌పేట నుంచి ఒక తల్లి)

నమస్కారం. మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంఈసీ పూర్తి చేసింది. ఇక్కడే బీకాంలో చేర్పిద్దామనుకుంటుండగా, అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వారు కాలిఫోర్నియాలోని కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు బిజినెస్ చదివితే నేరుగా విశ్వవిద్యాలయంలో మూడో ఏట చేరవచ్చని, ఖర్చు బాగా కలిసివస్తుందని చెప్పారు. ఆ రెండేళ్ల చదువూ పూర్తిగా లెక్కలోకి వస్తుందా? ఆ రెండేళ్లకు ఇచ్చే అసోసియేట్ డిగ్రీతోనే తిరిగి వచ్చేస్తే ఇక్కడ దానికి విలువ ఉంటుందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం

అమ్మా, నేను ఆ దారిలోనే చదివి ఇప్పుడు గచ్చిబౌలిలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. దారి మంచిదే. అయితే మూడో ఏట చేరడమన్నది పూర్తిగా అమ్మాయి ఎంచుకునే కోర్సుల మీద ఆధారపడి ఉంటుంది. అసోసియేట్ డిగ్రీకి సాధారణంగా 60 సెమిస్టర్ క్రెడిట్లు, బ్యాచిలర్ డిగ్రీకి 120 కావాలి. కానీ 60 పూర్తయినంత మాత్రాన వాటన్నిటినీ విశ్వవిద్యాలయం బిజినెస్ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) కింద జమ కట్టుకోదు. కాలేజీ క్యాటలాగులో బుక్‌కీపింగ్, ఫైనాన్షియల్ అకౌంటింగ్ ఒకే విభాగం కింద కనిపిస్తాయి. ఎంఈసీ చదివిన పిల్లలకు మొదటిది తేలికగా తోస్తుంది గానీ, విశ్వవిద్యాలయాలు అడిగేది రెండోదాన్ని, ఆపైన మేనేజీరియల్ అకౌంటింగ్‌ను. మైక్రో, మాక్రో ఎకనామిక్స్, బిజినెస్ లా, స్టాటిస్టిక్స్ లేదా కాల్‌క్యులస్ కూడా ఆ రెండేళ్లలోనే ముగించుకోవడం మేలు.

అందుకే ముందు విశ్వవిద్యాలయాన్ని నిర్ణయించుకుని, అక్కడ ఏం అడుగుతారో చూసిన తర్వాతే కాలేజీని ఎంచుకోండి. ఏ కాలేజీ కోర్సు కాలిఫోర్నియాలోని ఏ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో దేనికి సమానమో అసిస్ట్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. 2010 నాటి చట్టంతో వచ్చిన ట్రాన్స్‌ఫర్ అసోసియేట్ డిగ్రీ కూడా కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వ్యవస్థలో సీటుకు హామీ ఇస్తుందే తప్ప, కోరుకున్న క్యాంపస్‌కు కాదు.

రెండో సమాధానం

ఖర్చు విషయంలో తొందరపడకండి. కాలిఫోర్నియా కాలేజీల ప్రకటనల్లో కనిపించే యూనిట్‌కు (అంటే క్రెడిట్‌కు) 46 డాలర్ల ఫీజు ఆ రాష్ట్రవాసులది. మన పిల్లలు కట్టే నాన్-రెసిడెంట్ ఫీజు దానికి ఎన్నో రెట్లు. చాలా కాలేజీలకు హాస్టల్ కూడా ఉండదు కాబట్టి అద్దె వేరుగా లెక్కవేసుకోవాలి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద సెమిస్టరుకు కనీసం 12 క్రెడిట్లు చదవాలి, తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఆ జీతంతో ఫీజు గడిచిపోతుందని ఎవరు చెప్పినా నమ్మవద్దు. డిగ్రీ తర్వాత 12 నెలల ఓపీటీకి (చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసుకునే తాత్కాలిక అనుమతికి) దరఖాస్తు చేయవచ్చు గానీ, సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం చదివినవారికిచ్చే 24 నెలల స్టెమ్ పొడిగింపు అసోసియేట్ డిగ్రీకి వర్తించదు.

మూడో సమాధానం

తిరిగి రావడం గురించి మీరు అడిగిన ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది. అసోసియేట్ డిగ్రీ మన బీకాంతో సమానం కాదు. ఐసెట్ ద్వారా ఎంబీఏలో చేరాలన్నా, గ్రూప్-1, గ్రూప్-2 రాయాలన్నా పూర్తి డిగ్రీ ఉండాలి. కాబట్టి నాలుగేళ్లకూ సరిపడా డబ్బు సమకూరుతుందన్న భరోసా ఉంటేనే పంపించండి; రెండేళ్ల ఖర్చు మాత్రమే చేతిలో ఉంటే బీకాం ఇక్కడే చదివించి, పీజీకి పంపడం నా దృష్టిలో మెరుగు. అమ్మాయికి అకౌంటింగ్ మీద ఆసక్తా, మార్కెటింగ్ మీదా అన్నది కూడా రాస్తే, ఏ కోర్సులు చూడాలో చెప్పగలం.