దారి అడిగితే మూడో మలుపు దగ్గరికల్లా ఎందుకు మర్చిపోతున్నాను?

దారితప్పినోడు:
మొన్న నారాయణగూడ వెనక సందుల్లో ఒక ఫ్రెండ్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోవచ్చింది, మ్యాప్ ఆపేసి కిరాణా కొట్టాయన్ని అడిగితే "సీదా పోయి రెండో లెఫ్ట్, టైలర్ షాపు దాటినంక రైట్, మళ్ల లెఫ్ట్, ఆడ నీళ్ల ట్యాంకు ఉంటది, దాని ఎనకనే" అన్నాడు. రెండు మలుపులు బాగానే తిరిగా. సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి ఫోన్, వచ్చేటప్పుడు పాల ప్యాకెట్ తెమ్మని. పది సెకన్లు కూడా మాట్లాడలేదు, పెట్టేసి చూస్తే బుర్ర ఖాళీ. అదే ఎప్పుడో పదేళ్ల కింద ఉన్న హాస్టల్‌కైతే ఇప్పుడు కళ్లు మూసుకుని వెళ్తా. 34 ఏళ్లకే మతిమరుపా?

మెదడుపురుగు:
టెన్షన్ పడకండి, అవి రెండూ ఒకే జ్ఞాపకం కాదు. హాస్టల్ దారి ఏళ్ల తరబడి నడిచి నడిచి పాతుకుపోయింది. కొట్టాయన చెప్పింది మాత్రం వర్కింగ్ మెమరీలో ఉంది, అంటే పని అయ్యేదాకా చేతిలో పట్టుకున్న సామాను లాంటిది. 1974లో బాడ్లీ, హిచ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు దీన్ని భాగాలుగా విడదీసి చూపించారు: మాటల్ని లోలోపల వల్లె వేసుకునేది ఒకటి, ఏది ఎక్కడుందో బొమ్మలా పట్టుకునేది ఇంకొకటి, వీటి మీద అజమాయిషీ చేసేది మరొకటి. మీరు "రైట్, మళ్లీ లెఫ్ట్" అని వల్లించుకుంటున్న చోటికే పాల ప్యాకెట్ వచ్చి పడింది. పైగా అందులో ఒకేసారి పట్టేవి నాలుగైదు సంగతులే, మీ దారితోనే అది నిండిపోయింది.

దీని మీద 2008లో ఒక ప్రయోగం వచ్చింది. 24 మందికి పెద్ద తెర మీద కంప్యూటర్ ఊళ్లో దారులు నేర్పుతూ, మధ్యలో వేరే పని పెట్టారు. కళ్లతో ఊహించుకునే పని కంటే మాటల పని, ఏ వైపు అని గమనించే పని ఎక్కువ దెబ్బకొట్టాయి. చూసుకుంటూ నడుస్తున్నాం అనుకుంటాం గానీ, సగం దారి నోట్లోనే ఉంటుందన్నమాట.

బండిబాబు:
ఆరేళ్లుగా పార్శిళ్లు ఇస్తున్నా, ఇన్ని పేర్లు నాకు తెలీదు గానీ ఇంటి నంబరు వెతికేటప్పుడు పాటలు ఆపేస్తా, మావోళ్లు నవ్వుతారు. లెఫ్టులూ రైటులూ లెక్కపెట్టను అన్నా, "టైలర్ కాడ తిరుగు, ట్యాంకు కాడ ఆగు", అంతే, రెండు ముక్కలు. ఎవరైనా ఐదు మలుపులు చెప్తే రెండు విని బయల్దేరి, అక్కడ ఇంకొకర్ని అడుగుతా.

పాతకాలపోడు:
అన్నిటికీ ఆ మ్యాప్‌లే కారణం. లండన్ టాక్సీ డ్రైవర్లకి మెదడే పెరిగిందట, వీళ్లకి తరుగుతోంది.

మెదడుపురుగు:
లండన్ సంగతి నిజమే సార్, కానీ అది వేరే ఖాతా. వాళ్లు లండన్ నడిబొడ్డున ఉన్న ఛేరింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్లలో దాదాపు 25 వేల వీధులు బట్టీ పట్టాలి, దానికి మూణ్నాలుగేళ్లు పడుతుంది. 2000లో మాగ్వైర్ అనే శాస్త్రవేత్త బృందం వాళ్ల మెదడులో హిప్పోకాంపస్ (దారులు, చోట్లు గుర్తుపెట్టుకోడానికి పనికొచ్చే భాగం) వెనక వైపు పెద్దగా ఉందని చూసింది. రోజూ ఒకే రూట్లో తిరిగే బస్సు డ్రైవర్లలో అలా కనిపించలేదు. అది దీర్ఘకాలం దాచుకున్న పటం గొడవ. ఈయన సమస్య పది సెకన్లది, మ్యాప్‌లు లేని రోజుల్లో కూడా మధ్యలో ఎవరైనా పలకరిస్తే దారి మర్చిపోయేవాళ్లు.

దారితప్పినోడు:
థాంక్స్ అందరికీ. ఆ రోజు సిగ్గుపడుతూ మళ్లీ ఆ కొట్టుకే వెళ్లా. ఆయన ఈసారి మలుపులేం చెప్పలేదు, బయటికి తీసుకొచ్చి మేడల పైన కనిపిస్తున్న ట్యాంకు వైపు చెయ్యి చూపించి "అది చూస్కుంట పో" అన్నాడు. వెళ్తుంటే మళ్లీ ఫోన్ మోగింది, మాట్లాడుతూనే ఇంటి ముందుకి చేరా. పాల ప్యాకెట్ మాత్రం తేలేదు.