దొరికిన మంచి లింకులన్నీ వాట్సాప్ గ్రూపులో వేస్తే సరిపోతుందా? వేరే చోట దాచాలా?

పాతపత్రికలు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. పాత తెలుగు పుస్తకాలు, పత్రికల స్కాన్లు, శాసనాల మీద వ్యాసాలు, మంచి ఉపన్యాసాల వీడియోలు వెతికి పంచుకునేవాళ్లం మా వాట్సాప్ గ్రూపులో చాలామందిమి ఉన్నాం. రోజూ ఏదో ఒక మంచి సంగతి వస్తూనే ఉంటుంది. కానీ "ఆ మధ్య కాకతీయుల చెరువుల మీద ఎవరో వ్యాసం పెట్టారు, మళ్లీ పంపుతారా?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పెట్టినవాళ్లకి కూడా అది దొరకదు. దాని మీద వందల మెసేజీలు పడిపోయి ఉంటాయి.

అందుకని అందరం కలిసి ఒక గూగుల్ షీట్ పెట్టుకుందామన్నాను. దొరికినది ఏమిటి, ఎక్కడుంది, ఎందుకు చదవాలి అని ఒక్కో వరుసలో రాసుకుంటే చాలన్నాను. గ్రూపులో సగం మంది వద్దన్నారు. "ఉన్నది చాలదా, ఇంకో తలనొప్పి ఎందుకు?" అన్నారు. నా మాట ఇది: వాట్సాప్ కబురు చెప్పడానికి మంచిదే, దాచుకోవడానికి పనికిరాదు. కొత్తగా చేరిన మనిషికి అంతకు ముందు ఏళ్ల తరబడి పంచుకున్నదేమీ కనిపించదు. ఫోన్ పోయి, బ్యాకప్ లేకపోతే మనకీ కనిపించదు. మీరేమంటారు?

గోదారిగట్టు

మీ బాధ అర్థమైంది గానీ నేను ఒప్పుకోను అండీ. జనం ఎక్కడున్నారో పంచుకోవడం అక్కడే జరుగుతుంది. మా గ్రూపులో తాళపత్రాల గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవారు ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు. ఆయన టైపు చేయరు, వాయిస్ మెసేజ్ పెడతారు. ఒక్కో మెసేజ్‌లో ఏ పుస్తకంలోనూ దొరకని సంగతులుంటాయి. షీట్ తెరిచి గళ్లలో నింపమంటే ఆయన మానేస్తారు. అప్పుడు మీ షీట్ చక్కగా ఉంటుంది, అందులో మాస్టారి మాట ఉండదు.

ఇంకో విషయం. వాట్సాప్‌లో వెతికే సౌకర్యం ఉంది. గ్రూప్ పేరు మీద నొక్కితే ఫొటోలు, డాక్యుమెంట్లు, లింకులు వేరువేరుగా కనిపిస్తాయి. ముఖ్యమైనదానికి స్టార్ పెట్టుకోవచ్చు. మనకి మనమే మెసేజ్ పంపుకునే వీలు 2022 నుంచి ఉంది. ఇవేవీ వాడకుండా యాప్ బాగాలేదనడం న్యాయం కాదు.

శ్రావణమేఘం

గోదారిగట్టు గారూ, అవన్నీ నేను వాడుతున్నాను. నేను స్టార్ పెట్టుకున్నది నాకే కనిపిస్తుంది, గ్రూపుకి కాదు. వెతుకులాట పని చేయాలంటే వెతకడానికి అక్షరాలు ఉండాలి కదా. పత్రిక పేజీ ఫొటో తీసి, కింద ఒక్క మాట కూడా రాయకుండా "అద్భుతం" అని పెడితే ఏమని వెతకాలి? ఒకరు "శాసనం" అని రాస్తారు, ఇంకొకరు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, మూడోవారు చేతులు జోడించిన బొమ్మ పెడతారు.

అచ్చుకి పేజీలు సిద్ధం చేసే డీటీపీ వాళ్లు ‘అను’ అనే పాత రకం తెలుగు ఫాంట్లలో చేసిన పీడీఎఫ్‌లదీ ఇదే కథ. కంటికి తెలుగే కనిపిస్తుంది. కాపీ చేసి ఇంకో చోట పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి. కారణం, లోపల ఉన్నది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాదు. అలాంటి ఫైల్లో మీరు "చెరువు" అని ఎంత వెతికినా దొరకదు.

ఇంకొకటి, దీన్ని ఎవరూ ఎత్తడం లేదు. గ్రూపులో ఉండాలంటే నా ఫోన్ నంబర్ వందల మందికి తెలియాలి. నేను ఒక మంచి వ్యాసం పంచుకున్న పాపానికి ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గర్నుంచి రాత్రిపూట మెసేజీలు వచ్చాయి. చాలామంది ఆడవాళ్లు చదువుతారు గానీ ఏమీ పెట్టరు. వాళ్లకి చెప్పడానికి ఏమీ లేక కాదు. పేరు చెప్పకుండా రాసే వీలున్న చోటు ఏదైనా నాకు సమ్మతమే.

వరంగల్_అన్వేషి

షీట్ పెట్టండి, కాదనను. కానీ ఆన్‌లైన్‌లో ఏ కంపెనీ గూట్లో పెట్టినా అది మనది కాదన్న ఎరుకతో పెట్టండి. లింకులు దాచి పంచుకోవడానికే పుట్టిన డెలీషియస్ 2003లో వచ్చింది. 2005లో యాహూ కొన్నది, 2011లో అమ్మేసింది. చేతులు మారీ మారీ 2017లో అలాంటిదే ఇంకో సర్వీసు పిన్‌బోర్డ్ వాళ్ల దగ్గరికి చేరాక కొత్తగా లింకులు చేర్చే వీలే పోయింది. బ్లాగుల్లో కొత్తగా వచ్చినవన్నీ ఒకే చోట చూపించే గూగుల్ రీడర్‌ని 2013 జులై 1న మూసేశారు. అప్పట్లో తెలుగు బ్లాగులు చదివేవాళ్లలో ఎంతమంది దాని మీదే ఆధారపడ్డారో పాతవాళ్లకి గుర్తుండే ఉంటుంది. వ్యాసాలు తర్వాత చదువుకోవడానికి దాచే ఆమ్నివోర్ 2024 నవంబర్‌లో పోయింది. అలాంటిదే, 2007లో మొదలైన పాకెట్‌ని మొజిల్లా 2017లో కొని, 2025 జులై 8న ఆపేసింది. నోట్లు రాసి దాచుకునే ఎవర్‌నోట్ బతికే ఉంది గానీ 2023 డిసెంబర్ నుంచి ఉచితంగా వాడేవాళ్లకి 50 నోట్లే అన్నారు.

వీటిలో చాలావాటిని వాడినవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు, చక్కగా సర్దుకున్నవాళ్లే. ట్యాగులు పెట్టుకుని, వర్గాలు చేసుకుని, స్నేహితులతో పంచుకున్నారు. ఆ శ్రమకి విలువ లేకుండా పోయింది.

సర్వీసు ఉన్నా అవతలి పేజీ ఉండదు, అది ఇంకో బాధ. అమెరికాలోని పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో చూసి చెప్పింది: 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత తెరుచుకోవడం లేదు. లింకుల జాబితా మాత్రమే దాచుకుంటే మన చేతిలో మిగిలేది చిరునామాలే. నేను మాత్రం పేజీని పీడీఎఫ్ చేసి, నా సొంత హార్డ్ డిస్కులో సంవత్సరం, విషయం పేరుతో ఫోల్డర్లలో పెట్టుకుంటాను. పక్కన ఒక మామూలు టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. ఏ కంపెనీ మూతపడినా అది తెరుచుకుంటుంది.

డాలస్_తెలుగు

అన్వేషి గారు, మీ హార్డ్ డిస్కులో ఉన్నది మాకెలా అందుతుంది? సర్దుకోవడం ఒకటి, పంచుకోవడం ఒకటి. రెండూ కావాలనే కదా చర్చ.

మా ఇబ్బంది చెబుతాను. మీకు పగలు మాకు రాత్రి. పొద్దున లేచి గ్రూపు తెరిస్తే పైకి జరిపి జరిపి చదవాలి. ఆఫీసుకి వెళ్లే టెన్షన్‌లో అదంతా చూడలేం. నాలుగు రోజులు వదిలేస్తే ఇక పట్టుకోలేం. మెల్లగా మానేస్తాం. ఇక్కడ పిల్లలకి తెలుగు నేర్పే తల్లిదండ్రులం పాత పిల్లల కథలు, పద్యాల ఆడియోలు అడుగుతూ ఉంటాం. ప్రతిసారీ కొత్తగా అడగడానికి మొహమాటం. "పిల్లలు" అని ఒక గడి నొక్కగానే అన్నీ వరుసగా కనిపించే చోటు ఉంటే మేమెవరినీ అడగక్కర్లేదు. నా ఓటు షీట్‌కే.

గోదారిగట్టు

షీట్ లింకు తెలిసిన ఎవరైనా మార్చగలిగేలా పెడితే ఏమవుతుందో నేను ఇంకో చోట చూశాను. ఎవరో ఫోన్‌లో తెరిచి తెలియకుండా ఒక కాలమ్ మొత్తం చెరిపేశారు. మరొకరు వరుసలు కలగాపులగం చేశారు, ఏ లింకు పక్కన ఏ పేరు ఉందో తెలియలేదు. అందరిదీ అన్నది చివరికి ఎవరిదీ కాదు. దాన్ని చూసుకునే మనిషి ఉండాలి. ఎవరు కూర్చుంటారు? మొదటి నెల ఉత్సాహం ఉంటుంది, ఆ తర్వాత?

శ్రావణమేఘం

దానికి దారి ఉందండీ. షీట్ అందరికీ చూడటానికి మాత్రమే ఇవ్వాలి. చేర్చడానికి గూగుల్ ఫామ్ పెట్టాలి. ఫామ్ నింపడానికి లాగిన్ అవసరం లేకుండా పెట్టుకోవచ్చు, పేరూ నంబరూ అడగక్కర్లేదు. రాసినది షీట్‌లో కొత్త వరుసగా చేరుతుంది, పాతవాటిని ఎవరూ ముట్టుకోలేరు. పొరపాటున ఏదైనా చెరిగినా వెర్షన్ హిస్టరీలోకి వెళ్లి నిన్నటి రూపం వెనక్కి తెచ్చుకోవచ్చు. అన్వేషి గారి భయానికి కూడా, నెలకోసారి షీట్‌ని సీఎస్‌వీగా (ఏ ప్రోగ్రాంలోనైనా తెరుచుకునే మామూలు టెక్స్ట్ పట్టికగా) దించి ఇద్దరు ముగ్గురు తమ దగ్గర పెట్టుకుంటే సరి. గూగుల్ రేపు ఆపేసినా జాబితా మన దగ్గర ఉంటుంది.

మాస్టారి వాయిస్ మెసేజ్‌లని ఎవరో ఒకరు విని రెండు ముక్కలు రాయాలి. నేను రాస్తాను. ఫోన్ కీబోర్డులో తెలుగు మాట వింటూ టైపు చేసే సౌకర్యం ఉంది, తప్పులు దిద్దుకుంటే సరిపోతుంది.

లైబ్రరీసార్

గ్రంథాలయంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. వాట్సాపా, షీటా అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, దొరికిన వస్తువు ఏమిటో రాస్తున్నారా లేదా?

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సంగతే చూడండి. ప్రభుత్వ ఖర్చుతో వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు. ఆ సైటు ఇప్పుడు లేదు. పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉన్నాయి, వాటి చిరునామాల్లో ఇన్.ఎర్నెట్.డీఎల్ఐ.2015 అన్న గుర్తు ఇప్పటికీ కనిపిస్తుంది. ఇంత పని జరిగింది కదా, మరి పుస్తకం దొరుకుతుందా? పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. ఒకే పుస్తకం రెండు మూడు రకాల స్పెల్లింగులతో ఉంటుంది, ఒక చోట రచయిత పేరు ఉండదు, ఇంకో చోట సంవత్సరం తప్పు. తెలుగు వికీపీడియాలో ఔత్సాహికులు కూర్చుని తెలుగు లిపిలో ఆ పుస్తకాల జాబితాలు తయారు చేశాకే మామూలు పాఠకుడికి దారి దొరికింది. స్కాన్ చేసినవారి కంటే పేరు సరిగ్గా రాసినవారి సేవ చిన్నదని నేను ఎన్నటికీ అనను.

పాఠకుడి సమయం కాపాడాలి అన్నది గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో నాలుగోది. మీరు లింకు ఒక్కటే వేసి వదిలేస్తే వందమంది తెరిచి చూసి, తమకి కాదని మూసేయాలి. మీరు రెండు వాక్యాలు రాస్తే ఆ వందమంది సమయం మిగులుతుంది.

కాబట్టి ఫామ్‌లో ఇవి అడగండి: పేరు తెలుగు లిపిలో, రచయిత, ఏ సంవత్సరం, ఎక్కడ ప్రచురణ, ఇందులో ఏముంది. ఇంకో గడి తప్పక పెట్టండి: అచ్చు ప్రతి ఎక్కడుంది? 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట్ల పాత పత్రికల బైండ్లు ఉన్నాయి. దొరికిన మంచి సంగతులన్నీ ఇంటర్నెట్‌లోనే ఉంటాయనుకోకండి.

వరంగల్_అన్వేషి

సార్ చెప్పినదానికి ఎదురు లేదు. పేజీ ప్రతి దాచే విషయం మాత్రం వదలకండి. ఎవరైనా లింకు చేర్చగానే వెబ్ పేజీల ప్రతులు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీని భద్రపరిచి, ఆ లింకు కూడా పక్కన రాయండి. దాన్నీ పూర్తిగా నమ్ముకోవద్దు. 2024 అక్టోబర్‌లో ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద సైబర్ దాడి జరిగినప్పుడు కొన్ని రోజులు తెరుచుకోలేదు. పరిశోధన చేసేవాళ్లు, వ్యాసాలు, పుస్తకాల వివరాలు సర్దుకునే జోటెరో అనే ప్రోగ్రాం చూడండి. ఉచితం. పేజీని సేవ్ చేస్తే దాని ప్రతి కూడా మన కంప్యూటర్లోకి వస్తుంది. గ్రూప్ లైబ్రరీ కూడా పెట్టుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఉచిత జాగా 300 ఎంబీయే గనక పెద్ద స్కాన్లకి చాలదు.

డాలస్_తెలుగు

అలాగైతే పీడీఎఫ్‌లే ఒక డ్రైవ్ ఫోల్డర్లో పెట్టేస్తే పోదా? గూగుల్ 15 జీబీ ఉచితంగా ఇస్తుంది కదా.

లైబ్రరీసార్

వద్దండీ. ఈ విషయంలో నేను గట్టిగా చెబుతాను. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. చలం గారు 1979లో పోయారు, అంటే 2039 చివరిదాకా. ఇక బతికున్న రచయితల సంగతి వేరే చెప్పాలా? తెలుగు పుస్తకం అమ్ముడుపోవడమే కష్టంగా ఉంది. అచ్చయి ఏడాది తిరగకుండానే పీడీఎఫ్ గ్రూపుల్లో తిరుగుతుంటే రాసేవాళ్లు ఎలా రాస్తారు? హక్కులు తీరిన పుస్తకానికి ఫైల్ పెట్టండి. మిగతావాటికి పరిచయం రాసి, కొనే చోటు చెప్పండి.

గోదారిగట్టు

పీడీఎఫ్ విషయంలో సార్‌తో ఏకీభవిస్తున్నాను. మా గ్రూపులోనూ ఇదే గొడవ.

షీట్ గురించి నా అనుమానం పోలేదు, కానీ ఫామ్ మాట నచ్చింది. శ్రావణమేఘం గారు వాయిస్ మెసేజ్‌లు రాస్తానన్నారు కాబట్టి ఒక షరతు మీద ఒప్పుకుంటాను. మాస్టారి మాటని రెండు ముక్కలకి కుదించి, అసలు ఆడియోని పారేయకూడదు. ఆయన పద్యం చదివే తీరు, మధ్యలో గుర్తొచ్చి చెప్పే మాట, అవన్నీ సారాంశంలో రావు. ఆడియో ఫైల్ కూడా దాచాలి, ఆయన్ని అడిగి.

పాతపత్రికలు

ఒప్పుకున్నాను గోదారిగట్టు గారూ, ఆడియో తప్పకుండా దాస్తాం. మాస్టారిని మీరే అడగండి, మీ మాటైతే వింటారు.

నేను చేయబోయేది ఇది. లైబ్రరీసార్ చెప్పిన గడులతో ఫామ్ తయారు చేస్తాను. చూసుకునే పని ఒక్కరి మీద పడకుండా మూడు నెలలకొకరు మారదాం. ఆదివారం ఆదివారం ఆ వారం చేరినవాటి జాబితాని వాట్సాప్ గ్రూపులోనే వేస్తాను, షీట్ తెరవనివాళ్లకి అదే అందుతుంది, డాలస్‌లో వాళ్లూ ఒకే మెసేజ్‌లో చూసుకోవచ్చు. పాత మెసేజీల్లోంచి ఏరి ఎక్కించడం పెద్ద పని, అది ఒక్కడివల్ల కాదు. గ్రూప్ చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేస్తే టెక్స్ట్ ఫైల్ వస్తుంది, అందులోంచి లింకులు విడదీయడం తెలిసినవారు ఎవరైనా ఉన్నారా? పేర్లు, ఫోన్ నంబర్లు అందులో ఉంటాయి కాబట్టి ముందు వాటిని తీసేయాలి.

శ్రావణమేఘం

నంబర్లు తీసేసి లింకులు మాత్రం విడదీసే చిన్న ప్రోగ్రాం రాయగలను. ఎక్స్‌పోర్ట్ ఫైల్ మాత్రం నాకు పంపకండి, మీ కంప్యూటర్లోనే నడుపుకునేలా ఇస్తాను. లింకుకి ముందూ వెనకా వచ్చిన రెండేసి మెసేజీలు కూడా తీసుకుంటాను. అది దేని గురించో చాలాసార్లు వాటిలోనే ఉంటుంది.